ఎడమ పేజీలో వాన

ఈ రోజుల్లో నిటారుగా నిలబడే గాజు సీసా దొరకడం లేదు. చిన్న చిన్న విషయాల మీద ఫిర్యాదులు చేసే మనిషిని కాను గానీ, తార్నాకలో నాలుగు దుకాణాలు తిరిగాక చెబుతున్నాను. జామ్ సీసాకు నడుము ఉంది. పచ్చడి సీసాకు భుజాలున్నాయి. తేనె సీసా అయితే నాట్యం నేర్చుకున్నట్టు నిలబడింది. అడుగు నుంచి మూతి దాకా ఒకే వెడల్పుతో, ఏ అందచందాలూ లేని సీసా కావాలని అడిగితే దుకాణదారు నన్ను కాసేపు చూసి, "ఏం పోస్తరు అండ్ల?" అన్నాడు. "వాన," అన్నాను. అతను పక్క గిరాకీ వైపు తిరిగాడు.

చివరికి అమ్మ అటక మీది నుంచి పాత కాఫీ పొడి సీసా ఒకటి దింపించింది. మూడుసార్లు కడిగాను. వాసన పోలేదు. తడి గాజులోంచి ఆ వాసన ముక్కుకు తగలగానే నేను మళ్లీ ఏడో తరగతి సైన్సు గదిలో, మధ్యాహ్న భోజనం బియ్యం బస్తాల పక్కన నిలబడి ఉన్నాను. మల్లేశం సార్ నా సీసాలో ముక్కు పెట్టి, "మీ ఇంట్ల కాఫీ జర గట్టిగనే తాగుతరు," అంటున్నారు.

మల్లేశం సార్ మీకు తెలిసే అవకాశం లేదు. ఆయన పేరు ఏ పత్రికలోనూ రాలేదు, ఆయన కూడా ఆ దిశగా ప్రయత్నించలేదు. జనగామ వైపు వ్యవసాయ కుటుంబం. యూనివర్సిటీలో చదువుకుని, ఆ యూనివర్సిటీ గోడను ఆనుకుని ఉన్న మా సర్కారు బడిలో సైన్సు చెప్పేవారు. అంటే చదువు ముగిశాక ఆయన జీవితంలో చేసిన ప్రయాణం ఒక గోడ మందం. చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట ఆరంగుళాల స్టీలు స్కేలు ఉండేది. ఎవరినీ కొట్టేవారు కాదు. ఆ స్కేలుతో దేన్నైనా కొలిచేవారు, అది దెబ్బకంటే ఎక్కువ పనిచేసేది.

జూన్‌లో ఆయన మొదటి రోజు చెప్పిన నియమం ఒక్కటే. నోట్‌బుక్ తెరిస్తే రెండు పేజీలుంటాయి. ఎడమ పేజీలో చూసింది రాయాలి. కుడి పేజీలో అనుకున్నది రాయాలి. ఒకదాంట్లో రాయాల్సింది ఇంకోదాంట్లో రాస్తే ఆ రోజు పని లెక్కలోకి రాదు. వినడానికి సులువుగానే ఉంది. పెసర గింజలను తడి దూదిలో పెట్టి మూడో రోజు నేను ఎడమ పేజీలో, "గింజ ఆనందంగా మొలకెత్తింది," అని రాశాను. తెలుగు వ్యాసరచనలో అప్పటికే నాకు కొంత పేరుండేది.

"గింజ నీకు చెప్పిందారా, ఆనందమైందని?" అన్నారు సార్.

"లేదు సార్."

"మరి నీకెట్ల తెల్సె?"

"అనుకున్నాను సార్."

"గట్లయితే అవతల పేజీల అనుకో."

జులైలో ఇంటి కప్పు బొమ్మ గీసుకు రమ్మన్నారు. డాబానా, పెంకులా, రేకులా, పైన చెట్టు కొమ్మ వాలిందా, అన్నీ గీయాలి. ఎందుకని ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. ఆగస్టులో మందార పూల రసం రంగు మార్చి నిమ్మరసాన్నీ సబ్బు నీళ్లనీ పట్టిచ్చింది. అన్నిటికీ అడుగున వానాకాలం పొడవునా సాగే పని ఒకటుండేది. నా కాఫీ సీసాకు అంతే వెడల్పున్న గరాటు పెట్టి, బోరింగు పక్కన సిమెంటు దిమ్మ మీద నిలబెట్టాం. రోజూ ఉదయం తొమ్మిదింటికి ఒకరు వెళ్లి లోపలి నీటి ఎత్తు స్కేలుతో కొలిచి, రిజిస్టర్‌లో ఎడమవైపు రాసి, నీళ్లు పారబోయాలి. వానాకాలం ముగిశాక ఆ రిజిస్టర్ జోనల్ సైన్సు ప్రదర్శనకు వెళ్తుంది. కింద మా తరగతి పిల్లలందరి పేర్లూ ఉంటాయి, చివర సార్ సంతకం ఉంటుంది.

అది తెలంగాణ ఉద్యమం ఉధృతంగా ఉన్న ఏడాది. బంద్‌లు మాకు పండగ సెలవుల్లా అలవాటైపోయాయి. సెప్టెంబర్‌లో సర్కారు ఉద్యోగులు, టీచర్లు అందరూ సమ్మెలోకి దిగారు. సార్ కూడా. ముందు రోజు ఆయన రిజిస్టర్ చంకలో పెట్టుకుని తరగతికి వచ్చారు.

"రేపటి సంది బడి బంద్. ఎన్నొద్దులో తెల్వది," అన్నారు. "బడి బంద్ గని వాన బంద్ గాదు. సీసా ఇంకో తావుకు పోవాలె." తరగతంతా కలయజూసి, "రఘూ, నువ్వు తీస్కపో," అన్నారు.

మా క్లాసు లీడర్ స్వరూప లేచింది. లాలాగూడ రైల్వే క్వార్టర్లలో ఉండేది. దేనికైనా లేచే పిల్ల. "సార్, గాళ్లు ఆంధ్రోళ్లు. రేపు లొల్లి ఎక్కువైతే ఊరికి పోతరు. అప్పుడు రిజిస్టర్ ఏం గావాలె?"

మాది కడప జిల్లా. నాన్న యూనివర్సిటీ పరీక్షల విభాగంలో పనిచేసేవారు. "మేం ఆంధ్రా కాదు, సీమ," అని ఆయన కనిపించిన వాళ్లందరికీ వివరించేవారు. ఆ ఏడాది ఆ తేడా వినే ఓపిక ఎవరికీ లేదు. నేను తల దించుకుని బెంచీ మీద ఎవరో చెక్కిన పేరు చదువుతున్నాను.

"వాన ఏ జిల్లాదో అడిగి పడ్తదా?" అన్నారు సార్. "తీస్కపో."

సీసా, గరాటు, రిజిస్టర్ మోసుకుంటూ తార్నాకలో క్యాంపస్ గోడ పక్కనున్న మా ఇంటి దాకా నడిచాను. బస్సుకు డబ్బులున్నాయి. అయినా నడిచాను. నలభై మంది ఉండగా, వాళ్లలో ముప్పై ఎనిమిది మంది ఇక్కడి వాళ్లై ఉండగా, ఆయన దాన్ని నా చేతిలో పెట్టారు. పన్నెండేళ్ల వాడికి ఇంతకంటే పెద్ద పదవి ఏముంటుంది.

మొదటి రెండు వారాలు నా అంత శ్రద్ధగా వానను కొలిచిన వాడు నగరంలో లేడు. సరిగ్గా తొమ్మిదింటికి డాబా ఎక్కేవాణ్ని. చుక్క లేకపోతే సున్నా రాసి, ఆ సున్నా గుండ్రంగా వచ్చిందో లేదో చూసుకునేవాణ్ని. తర్వాత ఒక ఉదయం క్యాంపస్ గేటు దగ్గర టియర్ గ్యాస్ కొట్టారు. గాలి మా వైపుంది. అమ్మ కిటికీలన్నీ మూసి, తడి తువ్వాలు నా మొహం మీద వేసింది.

"యాడికిరా? కండ్లు మండిపోతాంటే డాబా ఎక్కుతాడంట. కూర్చో ఈడ."

"వాన కొలవాలమ్మా."

"వాన యాడికీ పోదులే."

నాన్న దినపత్రిక మడిచి నా ముందు పెట్టారు. "నిన్నటి వర్షపాతం ఇందులో వేస్తార్రా. బేగంపేటలో కొలుస్తారు. దాన్ని చూసి రాసుకో." విద్యార్థుల కాపీలు పట్టుకోవడానికి జీతం తీసుకునే మనిషి ఇచ్చిన సలహా అది. నేను యథాతథంగా కాపీ కొట్టలేదు. అంత తెలివితక్కువవాణ్ని కాదు. పత్రికలో ఉన్న అంకెకు ఒకటో రెండో కలిపి, లేదా తీసి రాశాను. మొదటి రోజు టియర్ గ్యాస్ వల్ల. రెండో రోజు భయం వల్ల. మూడో రోజు నుంచి పత్రిక ఇంటికే వస్తుంది కాబట్టి. అలా పదకొండు రోజులు. పన్నెండో రోజు డాబా ఎక్కితే సీసాలో నీళ్లున్నాయి. అవి చూడగానే ఎవరో నన్ను చూస్తున్నట్టనిపించింది. గబగబా పారబోశాను. ఆ రోజు నుంచి మళ్లీ రోజూ కొలిచాను, పశ్చాత్తాపం ఉన్నవాడు కొలిచినట్టే, మిల్లీమీటరులో సగం కూడా వదలకుండా.

సమ్మె ముగిసి బడి తెరిచాక, పోయిన పాఠాల కోసం ఆదివారాలు కూడా తరగతులు పెట్టారు. సార్ కొంచెం నల్లబడ్డారు, గొంతు బొంగురుపోయింది. రిజిస్టర్ తీసుకుని ఇంటికి వెళ్లారు. మర్నాడు మధ్యాహ్నం బియ్యం బస్తాల గదికి నన్నొక్కణ్నే పిలిచారు. రిజిస్టర్ తెరిచి ఉంది. స్కేలు ఒక వరుస కింద ఆనించి ఉంది.

"ఇర్వై రెండు మిల్లీమీటర్లు," అన్నారు. "మంచి వాననే."

నేను అవునన్నట్టు తల ఊపాను.

"ఆ దినం క్యాంపస్ రోడ్డు మీద వంటా వార్పు పెట్టినం. పొద్దుగాల సంది పొద్దుమీకెదాంక నేను పొయ్యి కాడనే ఉన్న. మీ ఇంటికి, నా పొయ్యికి నడుమ ఒక్క గోడ." ఆయన గొంతు పెంచలేదు. "ఇర్వై రెండు మిల్లీమీటర్ల వానల కట్టెల పొయ్యి ఎట్ల మండిందో చెప్పు. నేను గూడ నేర్చుకుంట."

ఉద్యమంలో భాగంగా రోడ్డు మధ్య పొయ్యిలు పెట్టి వండి, అక్కడే కూర్చుని తినేవారని నాకు తెలుసు. ఆ పొయ్యి నా రిజిస్టర్‌ను తనిఖీ చేస్తుందని మాత్రం తెలియదు. బేగంపేటలో పడ్డ వాన తార్నాకలో పడి తీరాలనే చట్టం ఈ నగరంలో లేదు. మొత్తం చెప్పేశాను. పత్రిక, టియర్ గ్యాస్, పారబోసిన నీళ్లు. నీళ్ల సంగతి చెప్పినప్పుడే ఆయన మొహం మారింది.

"పారబోసినవా? అయ్యో. అవి కొలిచి, పదకొండు దినాలది కలిపి ఇంత అని ఒక్క వరుస రాస్తే అయిపోతుండె. చూడకపోతే చూడలేదని రాయాలె. అది గూడ ఎడమ పేజీలదే."

అలా రాయవచ్చని నాకు అప్పటిదాకా తోచలేదు. ఏమీ తెలియదని రాసినవాడికి మార్కులిచ్చిన బడి నేను అంతకు ముందు చూడలేదు.

"ఎల్లుండి ప్రదర్శన. నా సంతకం ఇంక పెట్టలే," అన్నారు. "ఏం రాస్తవో రాసి తే. వైట్‌నర్ పుయ్యొద్దు. కొట్టేస్తే ఒక్క గీతనే కొట్టాలె, కింద రాసింది కనవడాలె."

ఇక్కడ నా పరిస్థితి కొంచెం వివరించాలి. నోరు మూసుకుంటే నా అంకెలు చక్కగా ప్రదర్శనకు పోతాయి. కానీ సార్ సంతకం ఒక అబద్ధం కింద పడుతుంది, లేదా పడకుండా ఆగుతుంది. నిజం రాస్తే, తరగతిలో ముప్పై ఎనిమిది మంది నన్ను గురించి మొదటి నుంచీ అనుకుంటున్నది వాళ్ల ఎడమ పేజీలోకి వచ్చేస్తుంది. ఇంక ఆ బడిలో నేను రఘును కాను, వాన దొంగను. ఆ సాయంత్రం పదకొండు గీతలు కొట్టడానికి నాకు రెండు గంటలు పట్టింది. ఒక్కో గీత పక్కన "చూడలేదు" అని రాశాను. మర్నాడు ఉదయం తరగతిలో నిలబడి ఆ పేజీ ఎత్తి చూపించాను. ఆ పదకొండు రోజులూ పత్రిక చూసి రాశానని చెప్పాను.

వెనక బెంచీల్లోంచి ఎవరో, "చెప్పలే నేను?" అన్నారు. స్వరూప వచ్చి రిజిస్టర్ లాక్కుంది.

"పదకొండు దినాలా?"

"పదకొండు."

"తక్కిన దినాలు నిజంగ చూసినవా?"

"చూశాను."

"ఒట్టు?"

"ఒట్టు."

ఆమె పేజీలు తిరగేసి మళ్లీ ఆ పేజీకి వచ్చింది. "గీతలు గూడ సక్కగ కొట్టరాదు నీకు," అంది. మిగిలిన రోజుల మొత్తాన్ని తనే మళ్లీ కూడి, పదకొండు రోజులు లేకుండా కొత్త మొత్తం రాసింది. తర్వాత కొన్ని వారాలు నన్ను "పేపర్ వాన" అని పిలిచారు. ఆ పేరు నేను ఊహించినదానికంటే చాలా మెరుగ్గా ఉంది.

ప్రదర్శనలో న్యాయనిర్ణేత ఆ పేజీ దగ్గర ఆగి, "ఇవి ఖాళీగా వదిలేస్తే నీట్‌గా ఉండేది కదండీ," అన్నారు. సార్, "ఖాళీ ఉంటే వాన పడలేదనుకుంటరు సార్. పడ్డదో లేదో మాకు తెల్వది," అన్నారు. మొదటి బహుమతి ఎర్ర సిరా కక్కే అగ్నిపర్వతానికి వచ్చింది. దక్కను పీఠభూమి మీద అది అవసరమేనేమో. మా రిజిస్టర్ చివర మల్లేశం సార్ సంతకం మాత్రం ఉంది. నేను చాలాసార్లు తెరిచి చూసుకున్నాను.

ఇప్పుడు నేను నీళ్ల నమూనాలు పరీక్షించే ఒక ప్రయోగశాలలో పని చేస్తున్నాను. మా రిపోర్టుల్లో బోలెడు గడులుంటాయి. ప్రతి గడిలో ఏదో ఒక అంకె ఉంటే అందరికీ హాయి. నమూనా ఆలస్యంగా వస్తే, సీసా పగిలితే, నేను "చూడలేదు" అని రాస్తాను. మేనేజర్ దాన్ని మర్యాదగా మార్చమంటాడు. నేను మర్యాదగా అదే రాస్తాను. ఆఫీసులో నాకు "చూడలేదు సార్" అనే పేరుంది. రెండు ఇంక్రిమెంట్లు ఈ పేరు మీదుగా పక్కవాళ్లకు వెళ్లాయి.

సీసా సంగతికి వస్తాను. పోయిన వారం సార్ ఫోన్ చేశారు. రిటైరై రామంతాపూర్‌లో ఉంటున్నారు. ఇంకా వాన కొలుస్తున్నారట. పిల్లి తన్ని సీసా పగిలింది, నిటారు సీసా ఎక్కడా దొరకడం లేదు, చూస్తావా అన్నారు. ఆదివారం కాఫీ సీసా పట్టుకుని వెళ్లాను. సార్ వాసన చూసి, "మీ ఇంట్ల ఇంక గట్లనే తాగుతుర్రా," అన్నారు. జేబులోంచి స్కేలు తీశారు. అంకెలు అరిగిపోయిన అదే స్కేలు. మూతి కొలిచారు, అడుగు కొలిచారు, సరిపోయిందన్నారు.

ఇన్నేళ్లుగా చెప్పాలనుకున్నది అప్పుడు చెప్పాను. ఆ రోజుల్లో, అంత గొడవలో, అంతమంది ఉండగా ఆంధ్రా వాడని అందరూ అంటున్నా మీరు నన్నే నమ్మి రిజిస్టర్ నా చేతిలో పెట్టారు సార్, ఆ నమ్మకం పోగొట్టుకున్నాననే బాధే నన్ను ఇవాళ్టికీ సరిగ్గా రాయిస్తోంది అన్నాను. ఇంతకంటే బాగానే అన్నాను, ముందు రోజు తయారు చేసుకున్నాను కాబట్టి.

సార్ గరాటును సీసా మూతిలో పెట్టి, అటూ ఇటూ తిప్పి చూసుకుంటున్నారు.

"నమ్మకమేందిరా," అన్నారు. "ఇండ్ల కప్పుల బొమ్మలు గీసిర్రు గద మీరు. చెట్టు అడ్డం లేని డాబా మీ ఇంటిదొక్కటే ఉండె."