ఎలీజ్ కోసం వచ్చిన ఫోన్

నమ్మితే నమ్మండి, లేకపోతే మీ ఇష్టం. మా అమ్మ మీద ఒట్టు... ఇందులో ఒక్క ముక్క కూడా కల్పించలేదు.

తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులు. హైటెక్ సిటీలో ఒక కాల్ సెంటర్లో ఫ్రాన్స్ కస్టమర్లతో మాట్లాడే ఉద్యోగం నాది. మాది కడప. పక్క సీటు స్వరూపది, ఇక్కడి హైదరాబాద్ బోరబండ అమ్మాయి. ఫోన్లో అసలు పేర్లు చెప్పకూడదు. నేను క్లారా, తను ఎలీజ్.

పొట్టకూటి కోసం నేర్చుకున్న ఫ్రెంచి మా ఇద్దరికీ పుస్తకాల పిచ్చి అంటించింది. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద వెతికి ఫ్రెంచి నవలలు తెచ్చుకునేవాళ్లం. ఆఫీసు క్యాబ్‌లో ఒకే పుస్తకం పట్టుకుని, ఒక పేజీ నేను, ఒక పేజీ తను, పైకి చదువుకునేవాళ్లం. పారిస్ అంటే ఇద్దరికీ ప్రాణం. ఎలాగో కూడబెట్టి టికెట్లు కూడా తీసుకున్నాం. చదువుతున్న నవల చివరి అధ్యాయం మాత్రం అక్కడే, నది ఒడ్డున కూర్చుని చదవాలని ఒప్పందం.

అప్పటికే క్యాంటీన్లో అటువాళ్లది ఒక బల్ల, ఇటువాళ్లది ఒక బల్ల. స్వరూప ర్యాలీలకు వెళ్లేది, నేను వెళ్లేదాన్ని కాదు. మన మధ్య కూడా తేడా వస్తుందా అని ఒకసారి భయంగా అడిగాను.

"రాష్ట్రం రెండైతే కానియ్యి. ఫ్లైట్ల మన సీట్లు మాత్రం పక్కపక్కనే ఉండాలె," అంది.

ఆ వానాకాలం తనకు జ్వరం వచ్చింది. దవాఖానకు తీసుకెళ్లారు... ఇంటికి తిరిగి రాలేదు.

ఆ పుస్తకం నా సొరుగులోనే ఉండిపోయింది. తెరవడానికి చెయ్యి రాలేదు. తను లేకుండా ఆ ఊరు నాకెందుకు? తెల్లారగానే నా టికెట్ రద్దు చేసుకోవాలని గట్టిగా అనుకున్న రాత్రి అది.

ఆ రోజు బంద్. క్యాబులు లేక నేనూ, మా టీమ్ లీడ్ ప్రసాద్ గారూ ఆఫీసులోనే చిక్కుకుపోయాం. బంద్ అంటే మా దగ్గర ఒక పద్ధతి ఉండేది. కాల్స్ అన్నీ ముందే పుణె ఆఫీసుకు మళ్లించేవారు. అంటే మా ఫ్లోర్లో ఒక్క ఫోన్ కూడా మోగదు. ఇది గుర్తుపెట్టుకోండి.

ప్రసాద్ గారు ట్రైనింగ్ గదిలో పడుకున్నారు. నేను నా సీట్లోనే బల్ల మీద తల వాల్చాను. సగం లైట్లు ఆర్పేశారు. ఏసీ హోరు ఒక్కటే. కింద రోడ్డు మీద ఒక్క బండి చప్పుడు లేదు...

అప్పుడు... ఫోన్ మోగింది.

నాది కాదు. స్వరూపది.

మానిటర్ మీద తను అంటించిన 'జై తెలంగాణ' స్టిక్కర్ ఇంకా అలాగే ఉంది. దాని కింద ఫోన్లో ఎర్రలైటు... వెలుగుతోంది... ఆరుతోంది... మళ్లీ వెలుగుతోంది. అదే ఆగుతుందిలే అనుకున్నాను. ఆగలేదు. అలవాటుపడ్డ చెయ్యి కదా... ఎత్తింది.

ముందు సన్నగా నీళ్ల చప్పుడు. ఒడ్డుకు తగిలి వెనక్కి పోతున్న నీళ్లు... తర్వాత ఒక ముసలావిడ గొంతు. నెమ్మదైన ఫ్రెంచి.

"ఎలీజ్ స్నేహితురాలు క్లారాయేనా?"

అవునని ఎలాగో అన్నాను.

"ఎలీజ్ ఇక్కడే, నది దగ్గరే ఉంది. చివరి అధ్యాయం మిగిలిపోయిందట. నువ్వు పుస్తకం తెస్తావని ఎదురు చూస్తోంది."

మీరెవరని అడిగాను. నీళ్ల చప్పుడు... కాసేపటికి అదీ లేదు.

పరుగెత్తి ప్రసాద్ గారిని లేపాను. ఆయన వచ్చి రిసీవర్ చెవికి ఆనించుకుని చాలాసేపు విన్నారు.

"లైన్లన్నీ పుణెకి మళ్లించేశారు కదండీ. కలగని ఉంటారు," అన్నారు. కానీ ఆయన మళ్లీ ట్రైనింగ్ గదిలోకి వెళ్లలేదు. తెల్లవార్లూ నా పక్కనే కుర్చీలో కూర్చున్నారు.

నేనూ ఏవేవో సర్దిచెప్పుకున్నాను. స్వరూపకు ఫోన్లో పరిచయమైన ఒక ముసలావిడ ఉండేది, పారిస్ ఆవిడే. పని అయిపోయినా వదలకుండా కబుర్లు చెప్పేది. మా ఒప్పందం సంగతి స్వరూప ఆవిడతో అనే ఉంటుంది. పెద్దావిడ మతిమరుపులో ఎలీజ్ వచ్చేసిందని అనుకుని ఉండొచ్చు. మళ్లించిన లైన్ ఒకటి తప్పిపోయి మాకు వచ్చి ఉండొచ్చు. అన్నీ కావచ్చు... కానీ సరిగ్గా ఆ రాత్రే ఎందుకు?

టికెట్ రద్దు చేసుకోలేదు. వెళ్లాను. ఫ్లైట్లో నా పక్క సీటు ఖాళీగానే ఉంది.

నది ఒడ్డున కూర్చుని చివరి అధ్యాయం తెరిచాను. నా వంతు పేజీ పైకి చదివాను. తన వంతు పేజీకి అరచెయ్యి అడ్డం పెట్టి, తను అది చదివేంత సేపు నీళ్ల వైపు చూస్తూ ఊరుకున్నాను. ఆ నీళ్ల చప్పుడు ఫోన్లో విన్నదేనా అంటే... అదే అనిపించింది. ఒట్టేసి మాత్రం చెప్పలేను.

అలాగే పుస్తకం పూర్తి చేశాను. తన పేజీల్లో ఏముందో నేను ఇవాళ్టికీ చూడలేదు.