దుంకుడాట ఆగిపోయిన దసరా

ఇరవై రెండేళ్ల వయసులో నాకు తెలియని సంగతంటూ లేదు. హైదరాబాద్‌లో మూడు నెలలు కంప్యూటర్ కోర్సు చేసి సర్టిఫికెట్‌కు ఫ్రేము కట్టించుకుని వచ్చానాయె, ఇంక నన్ను పట్టేదెవరు? హనుమకొండ చౌరస్తా దగ్గర మేడ మీద మా మేనమామ నడిపే టైపు ఇన్‌స్టిట్యూట్‌లో కంప్యూటర్ టీచరమ్మగా చేరాను. ఎనభైల చివరి మాట ఇది.

ఆ ఇన్‌స్టిట్యూట్ నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. డెబ్బైల్లో ఆరు టైపు మిషన్లతో మొదలుపెట్టాడు మామ. సెలవులకు వస్తే ఆ టకటకలు చౌరస్తా దాకా వినబడేవి. పరకాల నుంచి, స్టేషన్ ఘన్‌పూర్ నుంచి పొద్దున్నే బస్సెక్కి టిఫిన్ డబ్బాలతో వచ్చేవాళ్లు పిల్లలు. ముందు హాలు నిండా టైపు మిషన్లు, వెనక రెండు గదుల్లో మామ కాపురం. ఎనభైల నడిమిట్లో ఎవరో వాడి వదిలేసిన కంప్యూటర్‌ను తెచ్చి, హాలుకూ వంటింటికీ మధ్యనున్న చిన్న గదిలో పెట్టి, రెండు గుమ్మాలకూ తెరలు కట్టాడు. ఆ గదిలోకి చెప్పులతో పోతే మామ కళ్లు పెద్దవయ్యేవి.

ఆ పాత కంప్యూటర్‌కు సొంత జ్ఞాపకం లేదు. పొద్దున్నే సిస్టం ఫ్లాపీ పెట్టి లేపితే, ఈరోజు తారీఖెంత అని మనల్నే అడిగేది. చెప్పే ఓపిక లేక ఎంటర్ కొట్టేసేవాళ్లం. దాంతో మా గదిలో ఏడాది పొడుగునా ఎనభయ్యో సంవత్సరం జనవరి ఒకటో తారీఖే.

దానితో పాటు ఒక ఆట కూడా వచ్చింది. పైన విమానం పోతుంటుంది. అందులోంచి మనుషులు గొడుగులు పట్టుకుని దూకుతుంటారు. కింద పడవను రెండు మీటలతో అటూ ఇటూ జరిపి వాళ్లను పట్టుకోవాలి. పట్టుకోకపోతే నీళ్లలో మునిగిపోతారు. అంతే ఆట. దానికో ఇంగ్లీషు పేరుండేది గానీ, మా ఇన్‌స్టిట్యూట్‌లో అందరికీ అది దుంకుడాటే. ఆ పేరు పెట్టింది మామ భార్య, మా అత్తమ్మ.

అత్తమ్మ కొత్తవాడలో జంపఖానాలు నేసే ఇంట పుట్టింది. బడి మొహం చూడలేదు. తెలుగు అక్షరాలు కూడబలుక్కుని చదివేది, ఇంగ్లీషు అసలే లేదు. ఒక మధ్యాహ్నం మామను అన్నానికి పిలవడానికి వచ్చి తెర పట్టుకుని నిలబడిపోయిందట. "అయ్యో, దుంకుతాండ్లు! పట్టుర్రి, పట్టుర్రి!" అని అరిచిందట. ఆ తర్వాత తనే కూర్చుంది. నేను ఉద్యోగంలో చేరేనాటికి ఆమెను కొట్టేవాళ్లు మా దగ్గర లేరు. మధ్యాహ్నం రెండు నుంచి మూడు వరకు బ్యాచులుండవు. ఆ గంట ఆమెది. వంటిల్లు సర్దుకుని, మొహం కడుక్కుని, తల దువ్వుకుని మరీ వచ్చేది. ఎన్ని పాయింట్లు వచ్చాయో పట్టించుకునేది కాదు. "ఇయ్యాల ఇద్దరే మునిగిన్లు బిడ్డా, పాపం" అని చెప్పి టీ పెట్టడానికి పోయేది. పిల్లలు బ్యాచు కంటే ముందే వచ్చి ఆమె వెనక నిలబడి చూసేవాళ్లు. నాకు మాత్రం లోపల్లోపల కొంచెం మంటగా ఉండేది. కోర్సు చేసింది నేను, చప్పట్లు ఆమెకు.

ఆ ఏడు బతుకమ్మ రోజుల్లో హైదరాబాద్ డీలరు వచ్చి పాత కంప్యూటర్ తీసుకుపోయి కొత్తది పెట్టి వెళ్లాడు. దీని సిస్టం దీని కడుపులోనే ఉంది, అదీ కొత్త రకం. ఫ్లాపీ పెట్టకుండానే లేస్తుంది, తారీఖు మనల్ని అడగదు, తనే చెబుతుంది. మామ సంబరం చూడాలి! వచ్చినవాళ్లందరికీ తారీఖు చూపించాడు. గోడ మీద క్యాలెండర్ ఉండగా అదంతా దేనికో నాకైతే అర్థం కాలేదు.

నాలుగు రోజులకే దసరా. ఆయుధ పూజ మా ఇన్‌స్టిట్యూట్‌లో ఘనంగా జరుగుతుంది. టైపు మిషన్లు, సైక్లోస్టైల్ మిషను, పంచింగు మిషను, చివరికి మామ చేతిలో ఎప్పుడూ ఉండే రూళ్లకర్రకు కూడా పసుపు, కుంకుమ. బొట్లు పెట్టేది అత్తమ్మే. ఫ్లాపీలన్నీ ఇత్తడి పళ్లెంలో బంతిపూల మధ్య పేర్చింది. "జర పైలం" అని మామ ఒక్కమాటన్నాడు. కొబ్బరికాయ మాత్రం తెర బయటే కొట్టాం.

పండగ మర్నాడు జమ్మి ఆకు పట్టుకుని పిల్లలు చాలామంది వచ్చారు. రెండయ్యేసరికి అత్తమ్మ కొత్త చీరలో వచ్చి కూర్చుంది. కొత్త కంప్యూటర్‌లో ఆట చూద్దామని అందరూ గదిలోకి తోసుకొచ్చారు. నేను ఫ్లాపీ పెట్టి ఆట పేరు కొట్టాను. కుయ్‌మని ఒక కూత, ఒక ఇంగ్లీషు ముక్క, అంతే. మళ్లీ కొట్టాను. మళ్లీ కూత, అదే ముక్క. వెనక ఇరవై మంది. నా చెవులు వేడెక్కాయి. ఫ్లాపీ కాగితం కవరు మీద పసుపు కనబడింది. ఇంక నేను ఒక్క క్షణం ఆలోచించలేదు.

"అత్తమ్మా, దీనికి గూడ బొట్టు పెట్టినవా? ఖరాబైపాయె! దీని మీద దుమ్ము గూడ వడొద్దు. తెలువకుంటే అడగాలె గదా!"

మామ అందుకున్నాడు. "సదువు రాని చెయ్యి వడితె గిట్లనే అయితది. నీకెందుకే ఇసొంటియి?"

ఎవరో కిసుక్కున నవ్వారు. అత్తమ్మ కుర్చీలోంచి లేచి, కుర్చీని మళ్లీ బల్ల కిందికి సరిగ్గా జరిపి, లోపలికి పోయింది.

ఆ తర్వాత ఆమె తెర దాటి రాలేదు. టీ గ్లాసు గుమ్మం దగ్గర పెట్టి "బిడ్డా, టీ" అని వెళ్లిపోయేది. అంతకుముందు రోజూ కంప్యూటర్ దుమ్ము దులిపేది ఆమే, అదీ మానేసింది. మధ్యాహ్నం రెండింటికి ఆ కుర్చీ ఖాళీగా ఉండేది. మామ అలిగిందిలే అన్నాడు. నేను చెప్పింది నిజమేననే ధీమాలో ఉన్నాను గనుక నాకేమీ అనిపించలేదు. అనిపించలేదని ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

పది రోజులకు నాకు దయ పుట్టింది. పోనీలే, క్షమించేద్దాం అనుకున్నాను! ఆ ఆటకు నేనే తీసి పెట్టిన నకలు ఫ్లాపీ ఒకటి ఇనుప బీరువాలో ఉంది. దాన్ని పూజలో పెట్టలేదు, దానికి పసుపు వాసన కూడా తగల్లేదు. అది పెట్టి ఆట నడిపించి అత్తమ్మను పిలుద్దామని మధ్యాహ్నం ఒక్కదాన్నే కూర్చున్నాను. ఫ్లాపీ పెట్టి పేరు కొట్టాను.

కుయ్‌మంది. అదే ముక్క.

ఈసారి ఆ ముక్కను చదివాను. డాస్ వెర్షన్ సరిపోదని రాసి ఉంది. డాస్ అంటే కంప్యూటర్‌ను నడిపించే సిస్టం. ఆట పాతది, పాత సిస్టం కోసం పుట్టింది. కొత్త కంప్యూటర్ కడుపులో ఉన్నదేమో కొత్త సిస్టం. రెంటికీ పొసగడం లేదు. ఆ సంగతి మొదటి రోజే అది కంప్యూటర్ తెరమీద రాసి చూపించింది. మూడు నెలల కోర్సు చేసినదాన్ని నేను చదవలేదు. నిమిషానికి అరవై మాటలు టైపు కొట్టే మామా చదవలేదు.

పూజ చేసిన ఫ్లాపీ తీసి చూశాను. బొట్టు కాగితం కవరు మీద ఉంది. ఫ్లాపీ మీద, పేరు రాసిన చీటీ మూలన, ఇంకో చిన్న చుక్క. నల్లటి రేకు కనబడే సందు దగ్గర ఏమీ లేదు, తళతళలాడుతోంది.

ముందు ఆట సంగతి చూద్దామనుకున్నాను. డీలరు పాత కంప్యూటర్‌ను తీసుకుపోయాడు గానీ దాని సిస్టం ఫ్లాపీ మా డబ్బాలోనే ఉండిపోయింది. అది పెట్టి కొత్త కంప్యూటర్‌ను ఆపి మళ్లీ లేపాను. కాసేపు గరగరలాడి, ఈరోజు తారీఖెంత అని అడిగింది. ప్రాణం లేచొచ్చింది. ఆట మొదలైంది గానీ మనుషులు వడగళ్లలా పడిపోతున్నారు. పడవ కదిలేలోపు అందరూ నీళ్లలో. కొత్త కంప్యూటర్ దౌడు ఎక్కువాయె! ముందు పక్క టర్బో అని ఒక బొత్తాం ఉంటే నొక్కి చూశాను. వేగం తగ్గింది. గొడుగులు మెల్లగా, మునుపటిలా ఊగుతూ దిగాయి.

వంటింట్లోకి పరుగెత్తాను. అత్తమ్మ చాట ముందేసుకుని బియ్యం ఏరుతోంది. అంతా చెప్పాను. ఆమె తలెత్తకుండా వింది.

"మరి బొట్టు పై కవరుకు, చీటీకే ఎట్ల పెట్టినవ్ అత్తమ్మా? నీకెవరు చెప్పిన్లు?"

"ఎవరు జెప్పాలె? మగ్గానికి బొట్టు పెడితె కట్టెకే పెడ్తం. నూలుకు అంటనియ్యం. మరక వడ్డ నూలు దేనికి పనికొస్తది? గా సందుల నల్లగ కనవడేది నూలసొంటిదే అనుకున్న."

"గీ మాట ఆ రోజే చెప్పద్దా?"

"నువ్వు అడిగినవా?"

"తప్పయింది అత్తమ్మా. రా, ఆట నడుస్తాంది" అన్నాను.

ఆమె బియ్యంలోంచి ఒక మెరిగె తీసి పక్కన పెట్టింది. "నలుగుట్ల, అందరి ముంగట అన్నవ్ బిడ్డా. గిప్పుడు బియ్యం కాడ జెప్తానవ్."

అయిదు గంటల బ్యాచుకు హాలు నిండింది. మిషన్లు ఆపమన్నాను. అన్నీ ఒక్కసారి ఆగేసరికి చౌరస్తాలో రిక్షా గంటలు వినబడ్డాయి. మామ బల్ల దగ్గర హాజరు పుస్తకం రాస్తున్నాడు. కంప్యూటర్ గదికి ఇవతలి తెర తీసి ఉండడంతో, వంటింటి వైపు తెర వెనక అత్తమ్మ పాదాలు కనబడుతున్నాయి. చెప్పేశాను. ఆట చెడిపోలేదు, కొత్త సిస్టానికి అది పొసగలేదు, అత్తమ్మ బొట్టు ఎక్కడ పెట్టాలో అక్కడే పెట్టింది, నేను తెరమీద రాసింది చదవకుండా నోరు జారాను. చెప్పి, ఫ్లాపీ పైకెత్తి చూపించాను.

అందరి కళ్లూ మామ మీదికి పోయాయి. ఆయన పెన్ను మూత పెట్టాడు, తీశాడు, మళ్లీ పెట్టాడు. "నేను గూడ... అనకుండ ఉండాల్సింది" అన్నాడు హాజరు పుస్తకంలోకి చూస్తూ.

"వినవడ్తలేదు సార్" అన్నాడు వెనక బెంచీ నుంచి ఒకడు. నిజంగానే వినబడక అన్నాడో, కావాలనే అన్నాడో ఇప్పటికీ తెలియదు.

మామ లేచి నిలబడ్డాడు. "మా ఇంటామెను అనవసరంగ అన్న. తప్పు నాది" అన్నాడు, ఈసారి డిక్టేషన్ చెప్పే గొంతుతో.

అత్తమ్మ తెర తీసుకుని హాల్లోకి వచ్చింది. కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంటే నవ్వుతోందనుకున్నాను. ఏడుస్తోంది. ఈ పది రోజులూ ఆట పోయిందని బాధపడుతోంది కాబోలు అనుకున్న నాకు, అప్పుడు నా మీద నాకే అసహ్యం వేసింది. ఆమె కళ్లు తుడుచుకుని, మామ వైపు, నా వైపు, హాలంతా ఒకసారి చూసింది.

"రేపు రెండు గొట్టంగ," అంది అందరికీ వినబడేలా, "ఆ కుర్సీల ఎవ్వలు గూసోవద్దు. అది నాది."