మూల మడిలో కట్టని పేలికలు

మా ముత్తాతగారు ఊరి మునసబు. మా తాతగారు గట్టు మీదికి వచ్చి నిలబడందే కాలవ తూము ఎత్తేవారు కాదు. మా నాన్నగారి చేతి విత్తనమంటే చుట్టుపక్కల పాడి ఉన్న ప్రతి ఇంటికీ నమ్మకం. ఆ ముగ్గురి పేరు చాటున నేనొక అబద్ధం దాచాను. ఏళ్ల తరబడి మోశాను. ఇక మోయలేక మీకు చెబుతున్నాను.

మా విత్తనం పిల్లిపెసర. కోతకు ముందు వరి చేలోనే చల్లుతాం. కోత అయ్యాక తీగ సాగి గేదెలకు పచ్చిమేత అవుతుంది. పుష్యమాసపు చలికి, మంచుకు మామూలు పిల్లిపెసర పసుపెక్కి ఎదగడం మానేస్తుంది. మాది మానేది కాదు. చలి బాగా ముదిరిన రోజుల్లో నాన్నగారు తెల్లవారుతూనే మూల మడిలోకి పాలేరుని దింపి, అంత మంచులోనూ నిగనిగలాడే మొక్కలకు గుర్తుగా గుడ్డ పేలికలు కట్టించేవారు. ఆ మొక్కల కాయే మరుసటేటి విత్తనం. మిగతాది మేత. అడిగినవాళ్లకు విత్తనం ఊరికే ఇచ్చేవారు.

ఆయన పోయాక వచ్చిన మొదటి చలికాలానికి మా ఇంట పాలేరు లేడు. పేలికలు కట్టాలంటే నేనే వంగాలి. మునసబు గారి మునిమనవడు పంచె ఎగ్గట్టి మడిలో వంగితే గట్టున పోయేవాళ్లు ఏమనుకుంటారు? అదీ నా బాధ. రేపు దిగుదామనుకున్నాను. రేపూ అలాగే అనుకున్నాను. చివరికి మడి మొత్తం గేదెలకు వదిలేశాను. గింజ కూడా మిగల్లేదు.

మరుసటేడు వెంకన్న విత్తనానికి వచ్చాడు. రెండు గేదెల పాల మీద ఇల్లు నడుపుకునే మనిషి. మా ఇంట లేదని చెప్పడానికి నోరు రాలేదు. నిడదవోలులో కొన్న మామూలు విత్తనం నాన్నగారి విత్తనాల జాడీలో పోసి, అందులోంచి తీసి ఇచ్చాను. కళ్లకద్దుకుని పట్టుకెళ్లాడు.

పుష్యంలో అతని చేను పసుపెక్కింది. మేత చాలక గేదెలు వట్టిపోయాయి. నన్ను చేలోకి పిలిచి చూపించాడు.

“మీ ఇంటి విత్తుకి వంక పెట్టకూడదండి. నా చేలోనే ఏదో దోషం ఉండుంటదండి బాబుగారూ.”

“నేలలో చౌడు తేలుతోందేమో చూసుకో వెంకన్నా,” అన్నాను.

ఎలా అనగలిగాను? వేరే విత్తనం ఇచ్చింది పరువు పోతుందన్న భయంతోనని సర్దిచెప్పుకోవచ్చు, చాలాసార్లు చెప్పుకున్నాను కూడా; కానీ ఈ చౌడు మాటకు ఏ సర్దుబాటూ లేదు, ఎందుకంటే నా ఇంటి పేరు నిలబెట్టుకోవడానికి ఒక రైతుకు తన నేల మీద ఉన్న నమ్మకాన్ని తీసేశాను. అతను మళ్లీ ఆ చేలో మేత చల్లలేదు.

నిన్న వెంకన్న ఇంటికి వెళ్లి నిజం చెప్పాను. అరుగు మీద కూర్చోమన్నాడు. నిలబడే చెప్పాను.

“అయితే నా చేను మంచిదేనాండి?” అన్నాడు అంతా విని.

మంచిదేనన్నాను. క్షమించానని అతను అనలేదు. నేనూ అడగలేదు. తిరిగి వస్తుంటే మాత్రం ఊపిరి తేలిగ్గా ఆడింది. ఎవరు చూస్తున్నారోనని వీపు బిగబట్టకుండా ఆ గట్టు మీద నడవడం నాకు అదే మొదలు.

మూల మడి ఉన్న చేను ఎప్పుడో చేపల చెరువుకి అమ్మేశాను. వెంకన్న గేదెలు అంతకు ముందే అమ్ముడుపోయాయి.