ఏలీయా చెవిచిప్పలు

రేడియో ఏలీయా చేతకానోడని ఆళ్లగడ్డలో ఎవరన్నా అంటే నాకు ఒళ్లు మండుతుంది. వాళ్ల మీద కాదు, నా మీద. ఆ మాట ఊర్లోకి పోయింది మా ఇంట్లో నుంచే. నేను నోరు తెరిచింటే ఆ పొద్దే ఆగిపోయేది. తెరవల్యా. మూడేండ్లాయె. ఇప్పుడన్నా చెప్పకపోతే నేను మనిషినే కాదు.

ఏలీయాది కొత్తపల్లె. వాళ్ల నాయన గురుస్వామి మా మాదిరి రైతుల చేన్లలో కూలికి పోయి, కొడుకును మాత్రం నంద్యాలలో మిషన్ బడికి పంపించినాడు. యుద్ధం వచ్చినప్పుడు ఏలీయా మిలిటరీలో చేరి వైర్‌లెస్ పని నేర్చుకున్నాడు. తిరిగొచ్చేటప్పుడు తక్కినోళ్లు ట్రంకు పెట్టెల్లో గుడ్డలూ గిన్నెలూ తెచ్చుకుంటే, ఈయప్ప పాత వాల్వులు, రాగి తీగ చుట్టలు, పగిలిన హెడ్‌ఫోన్లు తెచ్చుకున్నాడంట. ఆయన భార్య లూదియా ఆ పెట్టె తెరిచి చూసి, "నాకొక రైక గుడ్డ కూడా లేదా?" అని రెండు దినాలు మాట్లాడలేదంట. ఈ సంగతి ఏలీయానే నవ్వుతా చెప్పేటోడు.

కర్నూలు రాజధాని అయిన యేడు నంద్యాల బజార్లో చిన్న రూము బాడుగకు తీసుకొని రేడియోలు బాగుచేసే అంగడి పెట్టినాడు. సన్నగా, పొడుగ్గా ఉంటాడు. మాట తక్కువ. రేడియో తెచ్చి ముందర పెడితే మూత తియ్యడు, మొదట తల వంచి దానికి చెవి ఆనిస్తాడు. "దాని బాధేందో ముందు విననియ్యండి" అంటాడు. మా జబ్బులు చూసే డాక్టరు కూడా అంత ఓపికగా ఎప్పుడూ వినల్యా. మా ఇంటికి వచ్చినప్పుడు వసారాలోనే కూర్చునేటోడు. ఆయనకు నీళ్లిచ్చే గ్లాసు వేరేగా గూట్లో బోర్లించి ఉండేది. అప్పట్లో అది నాకు తప్పనిపించల్యా. ఇట్లాంటివి ఎన్ని తప్పనిపించల్యానో నాకు!

మా అత్త రంగనాయకమ్మ సంగతి చెప్పాల. ఆమెది గోస్పాడు. ఆమెకొక అన్న, నారాయణ. గొంతెత్తి పద్యం పాడితే నాలుగూర్లు వచ్చి కూర్చునేవంట. మా మామ శేషయ్యకూ ఆయనకూ, గోస్పాడులో అత్తకు పెట్టిన చేని బాయి నీళ్ల వంతు కాడ మాటా మాటా పెరిగి, ఇద్దరూ ఒకరి గడప ఒకరు తొక్కబోమని ఒట్లు పెట్టుకున్నారు. మగోళ్లు ఒట్టు పెట్టుకుంటే నలిగేది ఎవరు? అత్త పన్నెండేండ్లు అన్న మొగం చూడల్యా. నడుమ విషజ్వరం వచ్చి చెవులు కూడా పోయినాయి. పూర్తిగా కాదు. చెవి కాడ నోరు పెట్టి అరిస్తే సగం మాటలు పట్టుకుంటుంది, తక్కిన సగం మన మొగాలు చూసి పోల్చుకుంటుంది.

యాభై ఏడులో, ఎండలు ముదిరినప్పుడు, మా రేడియో మూగబోతే ఏలీయా వచ్చినాడు. పని చేస్తా చేస్తా మామ పొలానికి పోయిందాకా ఆగి, నన్ను పిలిచి మెల్లిగా చెప్పినాడు.

"అమ్మా, గోస్పాడు నారాయణప్ప నన్ను పిలిపిచ్చినాడు. రేడియోవాళ్లు పల్లెటూరి పాటలు పాడమని ఆయప్పకు జాబు రాసినారంట. వాళ్లమ్మ పాడే తిరగలి పాట పాడతాడంట, చెల్లెలి కోసరమే. 'ఎట్లన్నా చేసి మా రంగికి వినపడేటట్లు చెయ్యప్పా, నీకు పుణ్యముంటాది' అని నా చెయ్యి పట్టుకున్నాడమ్మా."

ఈ మాట అత్త చెవిలో నేను అరిచి చెప్పే సరికి ఆమె తిరగలి కాడ కూలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అమ్మ పాటనా? అన్ననా?" అని పదిసార్లు అడిగింది. ఆ పొద్దు నుంచి వేళ్ల మీద దినాలు లెక్కబెట్టడమే పని.

ఏలీయా మొదట మిలిటరీ హెడ్‌ఫోన్లు తెచ్చి పెట్టి చూసినాడు. సౌండు పెంచితే లోపలుండే ఇనుప రేకు గరగరమని కొట్టుకుంటుంది, పెంచకపోతే అత్తకు వినపడదు. "గొంతు కాదు, జల్లెడ్లో గులకరాళ్లు ఆడిచ్చినట్లుంది" అనింది. రెండోసారి ఏదో మార్చి తెచ్చినాడు, అదీ అంతే. ఇంకొకడైతే చేతులు దులుపుకొని పోయేటోడు. ఈయప్పకు నంద్యాలలో ఒక పాదిరి దొర ఇచ్చిన ఇంగ్లీషు పుస్తకంలో ఒక సంగతి కనపడింది. ఇనుప రేకూ లేదు, అయస్కాంతమూ లేదు. ఊదితే ఎగిరే పల్చటి పొరను రెండు చిల్లుల రేకుల నడుమ బిగిచ్చి, దానికి కరెంటు పట్టిస్తే ఆ పొరే పాడుతుందంట.

హెడ్‌ఫోన్ల లోపలిదంతా పీకేసి చిప్పలు మాత్రం ఉంచుకున్నాడు. ఇత్తడి రేకులకు సన్నటి చిల్లులు పొడిచినాడు. పొర యాడిదనుకున్నారు? సిగరెట్టు పెట్టె మీద గాజు మాదిరి తళతళలాడతా ఉంటుందే, ఆ కాగితం! చర్చిలో సిగరెట్లు తాగొద్దని చెప్పే మనిషి బజార్లో వాళ్లూ వీళ్లూ పారేసిన పెట్టెలు ఏరుకుంటాంటే లూదియా తల కొట్టుకుందంట. దాని మీద పెన్సిలు ముల్లు పొడి రుద్ది కరెంటు పారేటట్లు చేసినాడు. ఇక్కడ మాకు కరెంటు లేదు కాబట్టి, రేడియో బ్యాటరీలు వరసగా పేర్చి, వాల్వులతో గొంతు పెంచే పెట్టె ఒకటి కట్టినాడు. అదంతా నెల పట్టింది. అంగడి పని పక్కన పెట్టి చేసినాడు.

పాటకు నాలుగు దినాల ముందర బస్సు మీద తెచ్చినాడు. అత్త తలను ఆయన ముట్టుకోకూడదు కదా, చిప్పలు నా చేతికిచ్చి వసారాలో నిలబడినాడు. నేనే పెట్టినా. రేడియోలో ఎవరో ఎరువుల గురించి చెప్తాండారు. అత్త మొగం చూడాల మీరు! కండ్లు పెద్దవి చేసి, "ఓయమ్మా! ఈయప్పకు దగ్గు! దగ్గుతాండాడు ఉమా!" అని ఎగిరింది. నిజమే, మాట్లాడే మనిషి నడుమ సన్నగా దగ్గినాడు. నాకే సరిగ్గా వినపడల్యా, ఆమెకు వినపడింది. ఏలీయా తల వంచుకొని నవ్వుకున్నాడు. అత్త దాన్ని చెవిచిప్పలు అని పేరు పెట్టి, గుడ్డలో చుట్టి దేవుడి గూటి పక్కన పెట్టిచ్చింది.

పోతా పోతా ఏలీయా నాకు జాగ్రత్తలు చెప్పినాడు. "అమ్మా, తడి తగలనీకు. తడి చేత్తో ముట్టుకోవద్దు. ఆ పొర తడి పీలిస్తే వదులైపోయి రేకుకు కరుచుకుంటాది. ఇంక మాట రాదు." అట్లే అని తలూపినా.

ఆ దినం రానే వచ్చింది. అత్తకు అది పండగ. పొద్దున్నే నాతో తలంటు పోయించుకుంది. మధ్యాన్నానికి జుట్టు బాగా ఆరింది. నాకు ఒక ఆలోచన పుట్టింది. నా నెత్తిన నిప్పులు పొయ్య! మా పుట్టింట్లో చెవులు మందమైతే వెల్లుల్లి వేసి కాచిన నువ్వుల నూనె గోరువెచ్చగా పోస్తారు, చెవి తేటపడుతుందని. చిప్పలు ఎట్లాగూ పనిచేస్తాండాయి, దానికి తోడు చెవి కూడా తెరుచుకుంటే ఒక్క మాట కూడా పోదు కదా అనుకున్నా. నిజం చెప్పాలంటే ఇంకొక ఆశ కూడా ఉండె. "మా కోడలు చేసిన మందుతోనే విన్నా" అని అత్త నలుగురిలో అనాలని. రెండు చెవుల్లోనూ నిండుగా పోసి దూది పెట్టినా. తడి అంటే నీళ్లు. నూనె తడి అని నాకు తట్టనే ల్యా.

సాయంత్రం ఏలీయా వచ్చినాడు. పెట్టె సర్ది, "అమ్మకు తల ఆరిందా?" అని అడిగినాడు. "ఎప్పుడో ఆరింది" అంటి. దూది తీసి, కొంగుతో పైపైన తుడిచి, చిప్పలు గట్టిగా అదిమి పెట్టినా.

మా మామ కూడా వచ్చి దూరంగా కూర్చున్నాడు, పేపరు అడ్డం పెట్టుకొని. మాకు వినపడడానికి రేడియో కూడా పాడతాండె. నారాయణప్ప గొంతు రాంగానే పేపరు కిందికి దిగింది. ఏం గొంతు అది! తిరగలి తిరుగుతాండే లయతో, ఆడోళ్ల పాటను ఆ ముసలి మగ గొంతు అంత మెత్తగా పాడుతాంటే నాకు ఏడుపు ఆగల్యా. మామ తువాలుతో మొగం ఒత్తుకున్నాడు. పన్నెండేండ్లు పంతం పట్టిన మనిషి! పాట చివర్లో "విసిరింది చాలు లెయ్యే రంగమ్మా" అని అత్త పేరు కలిపి పాడినాడు.

అత్త మా మొగాలు చూస్తాండె. ఒకరి తర్వాత ఒకరిని. సరిగ్గా ఆ పేరు పాడేటప్పుడే, చెవిటోళ్లు మాట్లాడినట్లు గట్టిగా, "ఏందీ, ఇంకా మొదలు కాలేదా?" అనింది.

ఏలీయా ఒక్క అంగలో పెట్టె కాడికి పోయి మరలు తిప్పినాడు, తీగలు పీకి పెట్టినాడు. పాట అయిపోయింది. వాళ్లు నేరుగా పాడిచ్చే పాట, మళ్లీ వచ్చేది కాదు. "మొదట ఒకసారి గర్రుమనింది, అంతే" అని అత్త చిప్పలు తీసి ఒళ్లో పెట్టుకుంది. సంగతి అర్థమైనాక చిప్పలను గుడ్డలో చుడతా కూర్చుంది.

మా మామ తన ఏడుపు కప్పుకోడానికి కోపం తెచ్చుకున్నాడు. "మిలిటరీలో నేర్చినాడంట! సిగరెట్టు కాగితాలు అంటించి మా ఇంటిదాన్ని నవ్వులపాలు చేస్తివి గదరా! మిమ్మల్ని నమ్మి గడప తొక్కనిచ్చినందుకు మాకు బుద్ధి రావాల!" ఇంకా చానా అన్నాడు. నేను ఇక్కడ రాయను.

ఏలీయా ఆ చిప్పలు నాతో తెప్పిచ్చుకొని, వసారాలో కూర్చొని ఒకటి విప్పినాడు. లోపల వేలు పెట్టి, ఆ వేలు ముక్కు కాడ పెట్టుకున్నాడు. తలెత్తి నన్ను చూసినాడు. చెప్తాడు, ఇప్పుడు చెప్తాడు అనుకున్నా. మామ చేతిలో నాకు ఆ పొద్దు ఏమి గతి పట్టేదో నాకు తెలుసు. ఏలీయా మరలు బిగిచ్చి లేచినాడు.

"నా పనే సరిగ్గా లేదయ్యా. తప్పయిపాయ" అన్నాడు.

నేను స్తంభం పట్టుకొని నిలబడినా.

ఆ కార్తీకంలో నారాయణప్ప జ్వరంతో పోయినాడు. ఒట్టు తీసి గట్టున పెట్టి అందరం గోస్పాడుకు పోయినాం. బండిలో తిరిగొస్తా అత్త నాతో, "మొగం చూసినాలే ఉమా. గొంతే వినలేకపోతి" అనింది.

మామ పోయిన చోటల్లా ఏలీయా పేరు చెడగొట్టినాడు. ఆళ్లగడ్డ, దొర్నిపాడు వైపు నుంచి రేడియోలు ఆయన అంగడికి పోవడం ఆగిపోయింది. మొన్న అరవైలో, కండ్ల డాక్టరు కోసం నంద్యాలకు పోయినప్పుడు, ధైర్యం చేసి ఆయన్ను వెతుక్కుంటా పోయినా. అంగడి నిండా కిరసనాయిలు స్టవ్వులు. ఒక స్టవ్వు బుడ్డి తోముతాండె. "స్టవ్వు కాడ చెవి పెట్టే పని లేదమ్మా" అని నవ్వినాడు. నాకు ఏడుపొచ్చి అంతా కక్కేసినా.

"తెలుసమ్మా. వెల్లుల్లి వాసన. ఆ పొద్దే తెలుసు."

"మరి చెప్పకపోతివే?"

"చెప్పింటే మీ మామ నిన్ను ఇంట్లో ఉండనిచ్చేటోడా? నాదైతే అంగడి. నీదైతే సంసారం." స్టవ్వు బుడ్డి పక్కన పెట్టి మళ్లీ అన్నాడు. "నా తప్పూ ఉందిలే. తడి అంటి గానీ నూనె అనల్యా. చెవుల్లో పోసుకునేంత నూనె మా ఇండ్లల్లో యాడుండె? నాకు తట్టల్యా."

ఏమి పెట్టి కొట్టినా నాకు అంత దెబ్బ తగిలేది కాదు. ఇంకొక జత చేసియ్యప్పా అని అడిగినా.

"చేస్తా. వాల్వులు ఉండాయి. కానీ ఒక్క పని చెయ్యమ్మా. అది పనిచేసిందేనని మీ అత్తకు చెప్పు. ఊరికి వద్దు, మీ మామకు వద్దు. ఆయమ్మ ఒక్కతికి తెలిస్తే సాలు. నా చేతుల మీద ఆమెకు ఉండిన నమ్మకం పోయింది చూడు, అదే నాకు బాధ."

ఒట్టేసి వచ్చినా. బస్సులో దారి పొడుగునా మాటలు కూడగట్టుకున్నా. ఇంటికి రాంగానే అత్త పక్కన కూర్చున్నా. పక్క రూములో మామ, ఎవరో ఇద్దరు పెద్దమనుషులు మాట్లాడుకుంటాండారు. అత్తకు చదువు రాదు, రాసి చూపించేదానికి లేదు. ఆమెకు వినపడాలంటే అరవాల. అరిస్తే వాళ్లందరికీ వినపడుతుంది.

"అత్తా, ఏలీయా తప్పేమీ లేదు. చెవుల్లో నూనె పోసింది నేనే. నేనే చెడగొట్టినా" అన్నా. నా గొంతు నాకే సరిగ్గా వినపడల్యా.

అత్త నా మొగం దిక్కే చూసింది. కండ్లల్లో నీళ్లు చూసి నా చెంప తుడిచింది. "ఏందమ్మా? గట్టిగా చెప్పు" అనింది.

పక్క రూములో మాటలు ఆగినాయి.

"అన్నానికి లెయ్ అత్తా" అని గట్టిగా అరిచినా.