అత్త తాగని నీళ్లు

మా పక్కింటి అత్త పోయిందని ఫోనొచ్చేసరికి నేను బరంపురం బడా బజార్లో వలతాడు బేరమాడుతున్నాను. తాడు అక్కడే వదిలేసి బస్సెక్కాను. మా ఊరు రామయ్యపట్నం వచ్చేదాకా నా కళ్ల ముందు ఆమె నీళ్ల సీసాయే మెదిలింది.

రొయ్యలు ఒలిచే షెడ్డులో నన్ను చేర్పించింది అత్తే. మొదటి రోజు నా వేళ్లు కోసుకుపోతే తన గ్లౌజులు నాకు తొడిగి, తను ఉత్త చేతులతో ఒలిచింది. అది నేను మర్చిపోలేను.

పొద్దున నిండుగా తెచ్చిన సీసాని సాయంత్రం అంతే నిండుగా ఇంటికి మోసుకుపోయేది. "సీసాని షికారు తిప్పుతున్నావేటత్తా?" అని ఏడిపించేదాన్ని. నవ్వేసేది. నిజానికి మేమెవరమూ తాగేవాళ్లం కాదు. ఆడవాళ్ల మరుగుదొడ్డికి ఎప్పుడూ తాళమే. తాళంచెవి అడిగితే సూపర్‌వైజర్ అందరి ముందూ "మళ్లీనా?" అనేవాడు. నీళ్లు బాగా తాగమని డాక్టరు చెప్పాక కూడా అత్త తాగలేదు. అందుకే పోయిందని నేననను.

కిందటేడు, మా రొయ్యలు కొనే కంపెనీ వాళ్లు పంపితే, మమ్మల్ని ఎలా చూస్తున్నారో తెలుసుకోవడానికి కొందరు వచ్చారు. ఆ రోజు తాళం లేదు, సబ్బు కూడా పెట్టారు. తెలుగొచ్చిన ఒకావిడ ఇబ్బందులేమైనా ఉన్నాయా అని అడిగితే అందరం తలలు దించుకున్నాం. అత్త ఒలుస్తూనే, "మీరెల్లిపోయాక ఆ తలుపు తీసుంటాదేటమ్మా?" అంది.

ఆవిడ రాసుకుంది, మళ్లీ వస్తామంది. మర్నాడే తాళం పడింది. కొన్నాళ్లు అత్తని పనిలోకి రానివ్వలేదు.

"నీకెందుకొచ్చిన గొడవత్తా?" అన్నాను భయంతో.

"అడిగింది కదే. సెప్పకపోతే మనకేటీ కష్టం నేదనుకుంటాది."

అత్త పోయిన నెలకి, నిన్న, వాళ్లు మళ్లీ వచ్చారు. ఆవిడ అత్త కోసం వెతికింది.

"మా అత్త పోనాదమ్మా. ఆ తలుపు మీరొచ్చినప్పుడే తీస్తారు," అన్నాను.

సూపర్‌వైజర్ నన్నే చూస్తున్నాడు. ఇంటికెళ్లాక అన్నం సహించలేదు. నన్నూ మానిపిస్తే పిల్లలకేం పెట్టాలి?

ఈ పొద్దున అత్త కూతుర్ని అడిగి ఆ సీసా తీసుకుని, నీళ్లు నింపి షెడ్డుకి తెచ్చాను. తలుపుకి మళ్లీ తాళం. బల్ల దగ్గర నిలబడి సీసాడు నీళ్లూ తాగేశాను. కాసేపాగి సూపర్‌వైజర్ దగ్గరికి వెళ్లి, "తాళంచెవి ఇయ్యండి బాబూ," అని చెయ్యి చాపాను. అతను కదల్లేదు. నేనూ చెయ్యి తియ్యలేదు.

వెనక మా బల్ల దగ్గర ఎవరో సీసా మూత తిప్పుతున్న చప్పుడు వినబడింది.