లాప్‌టాప్ పక్కన దారపు పోగు

మా చిన్నప్పుడు... దసరా మరునాడు పొద్దున్నే ఇంట్లో ఒక చప్పుడు మొదలైంది. టక టక టక... మధ్యమధ్యలో గర్రుమని. నాన్న ఒళ్లో ఉన్న లాప్‌టాప్ లోంచి.

అది మాది కాదు. ఫిల్మ్ నగర్‌లో నాన్న పనిచేసే ఎడిటర్ గారిది. అప్పటిదాకా నాన్న అక్కడ టీలు అందించేవాడు, డిస్కులు మోసేవాడు. ఆ పండక్కి మొదటిసారి సార్ లాప్‌టాప్ చేతికిచ్చి, ఒక పాటను ఇంట్లో కూర్చుని కట్ చేసుకురమ్మన్నారు. నచ్చితే అసిస్టెంటుగా పెట్టుకుంటానన్నారట. చప్పుడు మొదలైన ఆ రోజు సాయంత్రమే చూపించాలి.

మేం రహమత్ నగర్‌లో గుట్ట మీద ఒక్క గదిలో కిరాయికి ఉండేవాళ్లం. కుక్కర్ చప్పుడు, అమ్మ కుట్టుమిషను చప్పుడు నాకు అలవాటే. ఇది మాత్రం... గోడ లోపలి నుంచి ఎవరో గోటితో కొడుతున్నట్టుంది. షూటింగుల్లో బాంబులు పేలుస్తారని నాన్నే చెప్పేవాడు. ఇదీ పేలుతుందనుకుని బియ్యం డబ్బా వెనక నక్కాను.

కాసేపటికి లాప్‌టాప్ దానంతటదే ఆగిపోయింది. నాన్న దాని కింద చెయ్యి పెట్టి చటుక్కున తీసేశాడు. పెనంలా కాలుతోంది.

"పాట ఉన్నదా, పోయిందా?" అంది అమ్మ.

"ఏమో... అంత అండ్లనే ఉన్నది. పండుగ గూడ చెయ్యకుండ చేసిన."

"దుకాణానికి తీస్కపోరాదు?"

"ఇయ్యాల ఎవడు తెరుస్తడే? సార్‌కు తెల్సిందనుకో... ఇచ్చినంక ఒక్క పండుగ గూడ ఆగలే, ఖరాబ్ చేసిండంటడు. మళ్ల టీలే."

మా గల్లీలోకి పాము వస్తే కర్ర పట్టుకుని ముందు వెళ్లేది నాన్నే. అలాంటి మనిషి మాటమాటకీ పెదాలు తడుపుకుంటున్నాడు. నాన్నే భయపడితే ఇక ఇంట్లో ఎవరున్నారు... బాంబు భయం పోయి, ఆ భయం పట్టుకుంది నన్ను.

గడప దగ్గర వెలుతురులో పాత దుప్పటి పరిచారు. కుట్టుమిషను పెట్టెలోని చిన్న స్క్రూడ్రైవర్ తీశాడు నాన్న. అమ్మ గుడ్డల మీద గీసే సుద్దతో నేల మీద లాప్‌టాప్ ఆకారం గీసి, ఏ మూల స్క్రూ ఆ మూలనే పెట్టమంది. పెట్టే పని నాది. ఒక్కటి జారినా నాన్న ఉద్యోగం జారిపోతుందన్నట్టు రెండు చేతులతో పట్టుకుని పెట్టాను.

అడుగు మూత ఊడి వచ్చింది. లోపల బొమ్మలాంటి చిన్న ఫ్యాను. దాని రెక్కలకు ఏదో ఎర్రగా అంటుకుని ఉంది.

"నెత్తురు!" అని అరిచాను.

ఎవరూ నవ్వలేదు. నాన్న దాన్ని వంచి తట్టాడు. పసుపు పచ్చని బియ్యపు గింజలు దుప్పటి మీద రాలాయి.

"ఇవేందే? అక్షింతలా?"

అమ్మ ముఖంలో రక్తం లేదు. ముందురోజు నాన్న ఆఫీసు పూజకు వెళ్లినప్పుడు, అమ్మ కుట్టుమిషనుకు బొట్టు పెట్టి, దాని పక్కనే లాప్‌టాప్‌ను దేవుడి పటంలా నిలబెట్టింది. గాలి వెళ్లే సందులు పైకి ఉన్నాయి. నా తల మీద వేసినట్టే దాని మీదా కుంకుమ, అక్షింతలు చల్లి, ముందు ఊదుబత్తి వెలిగించింది.

"మీ ఆఫీసుల కెమెరాలకు పెడ్తరంటివి గద... నీ పని నిలవడాలని పెట్టిన" అంది.

నేను అమ్మ కొంగు పట్టుకున్నాను. నాన్న అరుస్తాడనుకున్నాను. అరవలేదు... దుప్పటి మీది గింజలు ఒక్కొక్కటే ఏరి పక్కన పెట్టాడు.

చివరికి, "కెమెరాకు బొట్టు పెడ్తరే... నోట్లె బియ్యం పొయ్యరు" అన్నాడు. అమ్మకు నవ్వు రాలేదు. అన్న ఆయనకూ రాలేదు.

నా రంగుల బ్రష్షుతో కుంకుమంతా దులిపారు. పిన్ను మొనతో మిషను నూనె ఒక్క చుక్క వేశారు. సుద్ద గీతల్లోంచి స్క్రూలు ఒక్కొక్కటే అందించాను. నాన్న కళ్లు మూసుకుని బటన్ నొక్కాడు.

వెలుగొచ్చింది. పాట ఉంది. కానీ ఫ్యాను చప్పుడే లేదు.

"తిరుగుతున్నదా... సచ్చిందా?" అన్నాడు నాన్న. మళ్లీ కాలిపోతే ఈసారి పాట మిగలదు.

అమ్మ కండె నుంచి దారం లాగి, పంటితో తెంపి, లాప్‌టాప్ పక్కనున్న సందు దగ్గర పట్టుకుంది. ముగ్గురం ఊపిరి బిగబట్టాం. పోగు అలాగే వేలాడింది... వేలాడింది... తర్వాత మెల్లగా బయటికి ఊగింది.

నాన్న అన్నం తినకుండానే దాన్ని గుండెకు హత్తుకుని బస్సెక్కాడు. చీకటి పడేదాకా నేను డాబా మీద నిలబడి ఫిల్మ్ నగర్ వైపే చూశాను. ఆ దీపాల్లో ఒక దాని కింద నాన్న తిట్లు తింటున్నాడేమోనని...

నాన్న వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు.

"ఏమన్నడు?" అంది అమ్మ.

"లాప్‌టాప్‌లకెళ్లి ఊదుబత్తి వాసనొస్తుందేందిర అన్నడు."

"అయ్యో... మరి పాట?"

"సగం బాగుందట. మిగిలిన సగం రేపటిసంది పక్కన కుర్చేసుకొని నేర్సుకో అన్నడు."

అమ్మ ఉన్నచోటే కూలబడి ఏడ్చింది.

ఇప్పుడు నాకు పెళ్లయింది. మా ఆయన లాప్‌టాప్‌లో అసలు ఫ్యానే లేదట. ఎంత పనిచేసినా కిక్కురుమనదు. ఆయనా అంతే... దాంట్లోకి చూస్తూ గంటలు గంటలు మాట్లాడకుండా కూర్చుంటారు. ఏమైందని అడగాలంటే నాకు నోరు రాదు. ఆయన లేచి వెళ్లినప్పుడు ఒక దారపు పోగు తెంపి దాని పక్కన పట్టి చూస్తాను. ఊగదు...

ఆ రోజుల్లో వస్తువుకు ఏమైనా అయితే ఇల్లంతా వినిపించేది. మనిషికి భయమేస్తే ముఖంలో కనిపించేది. ముగ్గురం ఒక దుప్పటి చుట్టూ కూర్చునేవాళ్లం...

మీ ఇంట్లో కూడా బొట్టు పెట్టి పాడుచేసిన వస్తువేదైనా ఉందా? ఉంటే చెప్పండి... ఆయన్ని అడగడానికి నాకు కాస్త ధైర్యం వస్తుంది.