వంతెన మీద పోయిన తాళంచెవి

ఆ రోజుల్లో రోజూ బస్సెక్కి పనికి పోయేవాళ్లకు దారి కనపడేది కాదు. కొన్నాళ్లకు నాకూ కనపడటం మానేసింది. కానీ ఉద్యోగంలో చేరిన కొత్తలో, బూర్గంపాడు నుంచి భద్రాచలం దవాఖానాకు పోయే ఆ కాస్త దూరాన్నీ కళ్లు విప్పార్చుకుని చూసేదాన్ని. బస్సు వంతెన ఎక్కగానే కళ్లు మూసుకుని దండం పెట్టి, గోదావరిలో ఒక నాణెం వేసేదాన్ని. యాత్రికులు వేస్తారు గానీ రోజూ తిరిగేవాళ్లు వెయ్యరు. వాళ్లకు గోదావరి అంటే దిగడానికి సంచులు సర్దుకోవాలన్న గుర్తు, అంతే. నేను మాత్రం పోయేటప్పుడు ఒకటి, వచ్చేటప్పుడు ఒకటి వేసేదాన్ని. (వచ్చేటప్పుడు మానేస్తే పని అయిపోయాక మొహం చాటేసినట్టుంటుందని నా వాదన.)

"రోజూ గిట్లేస్తే గోదారమ్మకు నువ్వే జీతమిస్తున్నట్టున్నది చెల్లె," అనేవాడు కండక్టరన్న.

"ఊకో, నీలెక్క చిల్లర లేదని ఎగ్గొడ్తలేదు గద," అని నా తరఫున తగులుకునేది పక్కసీటు ఆకుకూరల పిన్ని.

దవాఖానాలో మందుల గది నా చేతికింద ఉండేది. బస్సు తప్పి అప్పటికే రెండుసార్లు ఆలస్యంగా తెరిచాను. మూడోసారి జరిగితే ఇంటికి పంపిస్తానన్నారు పెద్ద డాక్టరు గారు. మా ఇంట్లో జీతం తెచ్చేది నేనొక్కదాన్నే. అందుకే ఆ గది తాళంచెవిని కొంగున ముడేసుకుని, దారిపొడవునా తడుముకుంటూ పోయేదాన్ని. నాణెం కూడా ఆ ముడిలోనే ఉండేది. నా జాగ్రత్తలో ఉన్న లోపం అదే.

ఆ రోజు (తేదీ గుర్తుంది, చదివేవాళ్లకు దానితో పని లేదు) ముందుసీట్లో ఒక గూడెం మనిషి చలిజ్వరంతో వణుకుతూ భార్య భుజం మీద వాలి ఉన్నాడు. వాళ్లు మా దవాఖానాకే వస్తున్నారు. వంతెన రాగానే ముడి విప్పి, ఆయన కోసం మామూలు కంటే ఎక్కువసేపు దండం పెట్టుకుని చెయ్యి విసిరాను. కళ్లు తెరిస్తే నాణెం నా రెండో అరచేతిలో భద్రంగా ఉంది.

నా కేక విని డ్రైవరు బస్సాపాడు. జనమంతా ఒకవైపు కిటికీలకు చేరి నీళ్లలోకి చూశారు, తాళంచెవి తేలుతుందన్నట్టు.

"ఇంకోటి లేదా?" అన్నాడు కండక్టరన్న.

"ఉంది. ఖమ్మంలో, పై ఆఫీసులో."

ముందుసీటు ఆమె వెనక్కి తిరిగింది. "మందు దొరకదా అమ్మా మరి?" అని మెల్లగా అడిగింది. అప్పటిదాకా నేను నా ఉద్యోగం గురించే ఏడుస్తున్నాను.

కండక్టరన్న ఆమె వంక చూసి, డ్రైవరుతో "స్టాండుకు వద్దు, దవాఖానాకే పోనీ," అన్నాడు. పనులకు ఆలస్యమవుతుందని ఒక్కరైనా గొణుగుతారనుకున్నాను. పిన్ని ఆకుకూరలు వాడిపోతున్నా తానే గట్టిగా "జల్దీ పోనీ!" అంది. మందుల గది ముందు బస్సు మొత్తం నిలబడింది. డ్రైవరు ఇనుపరాడ్డు తెచ్చాడు.

"ఏందీ జాతర?" అంటూ పెద్ద డాక్టరు గారు బయటికొచ్చారు.

నేను నోరు తెరిచేలోపు పిన్ని జరిగినదంతా చెప్పేసింది. ఆయన నన్ను చూశారు. అరుగు మీద వణుకుతున్న మనిషిని చూశారు. "కొట్టు," అన్నారు డ్రైవరుతో. తాళం ఊడింది. నేను మందులు తీసిస్తుంటే ఆయన నా వెనకే నిలబడి, "తాళంచెవి గోదారికిస్తివి. రేపటి సంది మందులు గూడ ఆమెనే ఇస్తదా?" అన్నారు. రేపటి సంది అన్నారంటే రేపటి నుంచీ మందులిచ్చేది నేనేనన్నట్టే కదా అని ఆ తిట్టును గుండెకు హత్తుకున్నాను.

మర్నాటి నుంచి కొత్త తాళంచెవి తాడుకట్టి మెడలో వేసుకున్నాను. అయినా వంతెన రాగానే కండక్టరన్న విజిలేసి, "చెల్లె, మెడ చూస్కో!" అనేవాడు. బస్సంతా నా మెడ వైపు తిరిగేది. ఆయన పదవీ విరమణ చేసేదాకా అది తప్పలేదు. నాకు మండిపోయేది. ఒకటి రెండుసార్లు వేరే బస్సెక్కాను కూడా.

నా ఉద్యోగం కూడా అయిపోయిన ఇన్నేళ్లకు, మొన్న కళ్లద్దాల కోసం భద్రాచలం పోయాను. బస్సు వంతెన ఎక్కింది. చుట్టూ కూర్చున్నవాళ్లలో నన్నెరిగినవాళ్లు లేరు; అందరూ ఫోన్లు చూసుకుంటున్నారు. నా చెయ్యి దానంతటదే మెడ దాకా వెళ్లింది. అక్కడేమీ లేదు. ఉండాల్సిన అవసరమూ లేదు. అయినా అవతలి గట్టు వచ్చేదాకా, ఎవరో ఒకరు అరుస్తారేమోనని చెయ్యి అక్కడే పెట్టుకుని కూర్చున్నాను.